రోజుకు ఒక కిలో కుక్కది

మీరిద్దరూ రాసిన కాగితాన్ని ఫొటో తీసి మీ అమ్మ నా ఫోన్‌కు పంపింది. కళ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివాను. పెద్దదాని చేతిరాత ముత్యాల్లా ఉంది. చిన్నోడు పక్కన కుక్క బొమ్మ వేశాడు. దానికి కాళ్లు అయిదున్నాయి, ఒకటి తోక అయ్యుంటుందిలే. బెల్టు, గిన్నె, పరుపు, ప్యాకెట్ తిండి, సూదులు అని వరసగా రాసి, కింద గీత గీసి మొత్తం వేశారు. "గింతనే అవ్వా, అమ్మకు జర నువ్వు చెప్పవా?" అని ఫోన్‌లో బతిమాలారు.

మీ అమ్మతో మాట్లాడడానికి నాకేం భయం? నా బిడ్డే కదా. కానీ ముందు మీకు చెప్పాల్సింది ఉంది. మీ కాగితంలో రాసినవన్నీ దుకాణంలో దొరికేవే. కుక్కకయ్యే ఖర్చులో దుకాణంలో దొరికేది సగం కూడా ఉండదు. ఈ సంగతి నాకు గట్టిగా తెలుసు. నేను ఒక కుక్కను పత్తి ఏరి సాకాను.

పెద్దదానా, నువ్వప్పుడు మీ అమ్మ ఒళ్లో ఉన్నావు. చిన్నోడా, నువ్వింకా పుట్టనే లేదు. మన తెలంగాణ వచ్చి రెండేళ్లో మూడేళ్లో అయ్యుంటుంది. మర్రిగూడ దగ్గర మా ఊళ్లో మాకు సొంత భూమి లేదు. మీ తాతా నేనూ రెండున్నర ఎకరాల చెలక కౌలుకు తీసుకొని పత్తి వేసేవాళ్లం. వాన పడితేనే పంట. సొంత పని లేని రోజుల్లో నేను ఆడవాళ్ల గుంపుతో పొద్దున్నే ఆటో ఎక్కి ఇతరుల చేలకు కూలికి పోయేదాన్ని. మీ తాత కూడా పని దొరికిన రోజు పనికి పోయేవాడు.

పత్తి ఏరే పనిలో కూలి రోజుకు ఇంత అని ఉండదు, కిలోకు ఇంత అని ఉంటుంది. నడుముకు గుడ్డతో ఒడి కట్టుకొని సాలు వెంబడి నడుస్తూ, పగిలిన కాయలోంచి దూదిని గుంజి ఒడిలో వేసుకుంటూ పోవాలి. ఎండిన కాయ మొనలు గోళ్ల సందుల్లో గుచ్చుకుంటాయి. సాయంత్రం గట్టు మీద కాంటా వేస్తారు. ఆ ఏడాది కిలోకు ఎనిమిది రూపాయలు. బాగా పగిలిన చేనైతే నేను రోజుకు నలభై కిలోలు ఏరేదాన్ని, ఒక్కోరోజు రెండు ఎక్కువే. అందుకని నాకు ఏ ఖర్చు ఎదురైనా అది మొదట కిలోల్లోనే తోచేది. చీర కొనాలంటే ఎన్ని కిలోలు, నల్గొండ పోయి రావాలంటే ఎన్ని కిలోలు అనుకునేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఒక గొర్రెల కాపరి మంద తోలుకొని మా చెలక పక్క నుంచి పోతున్నాడు. అతని వెనక ఎర్రటి కుక్కపిల్ల ఒకటి, నాలుగైదు నెలలది, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తోంది. దాని తోడబుట్టిన మగపిల్లల్ని ఎవరెవరో అడిగి తీసుకుపోయారట. ఇది ఆడది కాబట్టి మిగిలిపోయింది.

"తీస్కపో బిడ్డా, ఊకెనే ఇస్తున్న. రూపాయి వద్దు" అన్నాడు.

ఊరికే వస్తోందన్న మాట నాకు తీపిగా వినపడింది. తెచ్చుకున్నాను.

మీ తాత మంచం మీద కూర్చొని చుట్ట ముట్టించుకుంటున్నాడు. కుక్కను చూశాడు, నన్ను చూశాడు.

"ఆడకుక్క గదనే. ఏం జేస్కుందామని తెచ్చినవ్?"

"ఆడదైతేంది? మొరగదా?"

"మొరుగుతది. పిల్లల్ని గూడ పెడతది. మనమే కొలుచుకొని వండుకుంటున్నం. దీనికేడికెల్లి తెస్తవ్?"

"నేనే సూస్కుంట తియ్యి."

మీ తాత కఠినుడు కాదు. అంతకు ముందు ఏడు పంట సరిగా రాలేదు, ఈసారి పత్తి అమ్మిన పైసల్లోంచే కౌలు కట్టాలి. ఇంట్లో ప్రతి రూపాయికీ ముందే ఒక పని రాసిపెట్టి ఉంది. అందుకే ఒక షరతు పెట్టాడు.

"సరే. పత్తి అమ్మేదాక సూస్త. గప్పటిదాక దీని ఖర్చు నీ కూలి పైసలల్లకెల్లి ఎల్లదీస్కో. కలుపుకు పోయినప్పుడు దినానికి పది రూపాయలు, ఏరుడు మొదలైనంక దినానికి ఒక్క కిలో పైసలు. గంతే. గది దాటి ఇంటి పైసలు ముట్టిందో, సాగర్ రోడ్డు మీద ఇడిచిపెట్టొస్త. అప్పుడు నువ్వు ఏడిస్తె నేను ఇనను."

"ఏడ్వను. ఒక్క కిలో శానా ఎక్కువ దానికి."

అంత ధీమాగా అన్నాను. కుక్క ఇంట్లో ఉండాలా, సాగర్ రోడ్డు పాలు కావాలా అన్నది ఆ ఒక్క కిలో మీద ఆగింది.

మొదటి దెబ్బ తిండి దగ్గరే తగిలింది. మిగిలిందేదో పడేస్తే తింటుందిలే అని కుక్కను తెచ్చుకునేవాళ్లు అందరూ అనుకుంటారు. మా ఇంట్లో ఇద్దరం. గిన్నెలో మిగిలేది మాడు ఒక్కటే. వారం రోజులకే నాకు అర్థమైంది, దానికోసం పొద్దునా మాపూ ఒక్కో పిడికెడు బియ్యం ఎక్కువ పోస్తున్నానని. అవి రేషన్ బియ్యమే, కానీ నెలాఖరుకు డబ్బా అడుగు కనపడే రోజు ముందుకు జరిగింది. అప్పటి నుంచి దాని పిడికెళ్లకు సరిపడా నూకలు వేరే కొని, వేరే డబ్బాలో పోసుకున్నాను. ఆదివారం కోళ్ల దుకాణంలో చర్మాలూ కాళ్లూ ఇరవై రూపాయలకు కవరు నిండా ఇచ్చేవాడు. వాటిని పసుపు వేసి ఉడకబెట్టేదాన్ని. ఆ వాసనకు మీ తాత కూడా పొయ్యి దగ్గరకు వచ్చి, "మనకేనా?" అని అడిగి, కాదని తెలిశాక మూతి ముడుచుకొని పోయేవాడు.

రెండోది నీళ్లు. మీకిప్పుడు నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి. ఇప్పుడు మా ఊళ్లో కూడా కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి. అప్పుడు బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ బొక్కలకు, అంటే ఎముకలకు, పట్టేది. అందుకని ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల డబ్బా అయిదు రూపాయలకు కొనుక్కునేవాళ్లం. నేను రోజూ ఆ డబ్బాలోంచి ఒక చెంబెడు కుక్క గిన్నెలో పోయడం మీ తాత చూశాడు.

"మనుషులమే కొనుక్కొని తాగుతున్నం. దానికి గూడ కొన్న నీళ్లేనా? బోరుయి పొయ్యరాదు."

"అత్తమ్మ నడుము ఎట్ల వంగిందో నీకు నేను చెప్పాల్నా? దానియి గూడ బొక్కలే."

వాళ్లమ్మ బతికినన్నాళ్లూ బోరు నీళ్లే తాగింది. చివరి రోజుల్లో గడప దాటడానికి గోడ పట్టుకొని వంగి నడిచేది. కుక్క గిన్నెలో ప్లాంటు నీళ్లే పోశాను. నీళ్ల పైసలు మాత్రం ఒక కిలోలోంచే పోయాయి.

మా గుంపుకు పెద్ద ఒకామె ఉండేది, వరసకు నాకు వదిన. రైతులతో మాట్లాడేదీ ఆమే, కాంటా దగ్గర నిలబడి ముల్లు చూసేదీ ఆమే. నా ఒప్పందం సంగతి ఆమెకు తెలిసింది మొదలు, సాయంత్రం నా మూట కాంటాకు ఎక్కితే చాలు, అందరికీ వినపడేలా అరిచేది.

"నలభై ఒకటి! గిండ్ల మనిషిదెంత, కుక్కదెంత?"

"ఒకటి కుక్కది. రాస్కో వదినా."

"మల్ల దానికి గూడ ఒక ఒడి కట్టి ఎంబడి తేరాదు? నాలుగు కాళ్లున్నయి, మనకంటె జల్ది ఏరుతది."

"ఏరుతది గనీ, నీ లెక్క గట్టు మీద కూసోని కాంటా సూసుడు దానికి రాదు."

ఆడవాళ్లు ఒళ్లో పత్తి ఒలికిపోయేలా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కానీ అందరూ చేతులు దులుపుకొని గట్టెక్కాక కూడా నేను ఆఖరి సాలులో ఇంకో పది మొక్కలు చూసి వచ్చేదాన్ని. ఆ పది మొక్కలదే కుక్క కిలో.

అంత లెక్కగా ఉన్నదాన్ని తప్పు ఎక్కడ చేశానో చెప్తాను, బాగా వినండి. మా దగ్గర పశువుల దవాఖానలో వానాకాలంలో ఒకరోజు కుక్కలకు పిచ్చి రాకుండా సూది ఉచితంగా వేస్తారు. ఊళ్లో చాటింపు కూడా వేశారు. ఆ రోజు మేము చెలకలో పత్తి గింజలు పెడుతున్నాం. నేల పదును ఆరిపోతుందని పోలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఏరుడు మొదలైన వారానికి పక్క వీధిలో ఒక కుక్క ఎవరినో కరిచిందని గోల లేచింది. మీ తాత మా కుక్క వైపు చూసే చూపు మారింది. మర్నాడే దాన్ని తాడు కట్టి దవాఖానకు తీసుకుపోయాను. ఆటో అతను దాన్ని ఎక్కించుకోనన్నాడు. చివరకు దానికీ ఒక సీటు కిరాయి ఇస్తేనే ఎక్కించుకున్నాడు. అది సీటు మీద కూర్చుంది, నేను అంచున వేలాడుతూ పోయాను.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల, మాట మాత్రం కరుకు.

"వానలప్పుడు ఉత్తగ ఏసినం గదమ్మా, అప్పుడెందుకు తేలేదు?"

"గింజలు పెడుతుంటిమి డాక్టరమ్మా."

"ఇప్పుడేమో ఏరుడంటరు. మల్ల కుక్కను ఎప్పుడు సూస్తరు?"

ఆమె సూది వేసింది, చెవుల్లో రక్తం తాగుతున్న గోమార్లు చూపించి రాయడానికి మందు ఇచ్చింది, కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగించింది. తోక ఎత్తి చూసి, "ఆడది గదా. పిల్లలు గాకుండ ఆపరేషన్ జేపియ్యుండ్రి. నల్గొండల జేస్తరు. మూడు దినాలు ఇంట్ల ఉండి కుట్లు సూస్కోవాలె" అంది.

సూదికీ మందుకూ అయిన పైసలు నాకు బరువు కాలేదు. కానీ ఆ రోజు నేను చేనుకు పోలేదు. ఆ రోజు నలభై కిలోలు పోయాయి. అవి ఇంటి కిలోలు. వాటిని పూడ్చడానికి నేను ఆదివారం కూడా ఏరడానికి పోయాను. ఆపరేషన్ అంటే పోను ఒక రోజు, చూసుకోను మూడు రోజులు. నాలుగు నలభైలు నూట అరవై కిలోలు. ఏరుడు అయిపోనీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. గింజలు పెట్టేటప్పుడు అనుకున్న మాటే మళ్లీ అనుకున్నాను.

కొన్ని వారాలు పోయాక కుక్క బలిసింది. కడుపు కిందికి జారింది. కోడి చర్మాలు పెట్టి పెట్టి బలిసిందని నేను మురిసిపోయాను. ముగ్గురు పిల్లల్ని కన్నదాన్ని, నాకు కూడా తోచలేదు చూడండి.

అప్పటికి మా సొంత చెలక మొదటి ఏరుడు అయిపోయింది. ఆ పత్తి అంతా ముందు అర్రలో నడుము ఎత్తు కుప్ప పోసి ఉంది. ధర కొంచెం పెరుగుతుందని మీ తాత ఆగాడు. ఒక సాయంత్రం నేను కూలి నుంచి వచ్చి ఆటో దిగితే, రోజూ ఎదురొచ్చే కుక్క రాలేదు. "తో తో" అని పిలిచాను. రాలేదు. మీ తాత గడపలో నిలబడి ఉన్నాడు.

"పో, లోపలికి పొయ్యి సూడు. నీ ఒక్క కిలో ఎన్ని కిలోలైందో."

అర్రలో కుప్ప మూలకు గుంత చేసుకొని కుక్క పడుకుంది. దాని పొట్టకు నాలుగు పిల్లలు, కళ్లు మూసుకొని, తడితడిగా అతుక్కొని ఉన్నాయి. చుట్టూ తెల్లటి పత్తి ఎర్రబారి ముద్దలు కట్టింది. నన్ను చూసి అది తోక ఊపింది, కానీ లేవలేదు.

"ఇంటి పైసలు ముట్టొద్దన్న. ముట్టుడు గాదు, మీదెక్కి పండి పిల్లల్ని గన్నది" అన్నాడు మీ తాత. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఎన్ని కిలోలు ఖరాబైతే గన్ని కిలోలు ఏరి ఇస్త" అన్నాను.

"ఇస్తవా?"

"ఇస్త. నువ్వు సూడు."

కుక్కనూ పిల్లలనూ పాత గోనెసంచి మీదికి మార్చాను. అది నా చేతిని నోటితో పట్టుకుంది కానీ కొరకలేదు. తర్వాత కూర్చొని కుప్పలోంచి పాడైన పత్తిని ముద్ద ముద్దగా తీశాను. పాడైన దాని పక్కన ఉన్న దూదిని కూడా వేళ్లతో విడదీసి, ఒక్క ఎర్ర వెంట్రుక కూడా లేకుండా చూశాను. తీసిందంతా చీర ముక్కలో మూటగట్టి చేతి కాంటాకు తగిలించాను. పదకొండు కిలోలు.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"పదకొండేనా! రేపు పగటీలి సద్ది ఇప్పకముందే ఏరుత."

మీ తాత నన్ను వింతగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"పిచ్చిదానా, నువ్వు ఏరే కిలో ఎనిమిది రూపాయలు. నేను అమ్మే కిలో యాభై."

నేను మూటను కాంటా నుంచి దించాను. చిన్నప్పటి నుంచీ పత్తి ఏరాను. నా చేతుల మీదుగా ఎంత పత్తి పోయిందో నాకే తెలియదు. అదంతా వేరేవాళ్ల పత్తి. కిలో అంటే నాకు వచ్చే కూలి, అంతే. అదే కిలో మూటలోకి పోయి, బండెక్కి, బజారుకు పోయాక దానికి ఇంకో ధర ఉంటుందని తెలియక కాదు. కౌలుకు పట్టి పత్తి పండిస్తున్నా నా మనసులో కిలో మాత్రం కూలిదానిదే. పుట్టినప్పటి నుంచి భూమి ఉన్నవాళ్లకు ఈ పొరపాటు జరగదు. నాకు జరిగింది.

పదకొండు యాభైలు అయిదు వందల యాభై. ఎనిమిది రూపాయల లెక్కన దాదాపు డెబ్భై కిలోలు ఏరాలి.

"పది దినాలల్ల కౌలు కట్టాలె. గప్పటికి అయిదు నూర్ల యాభై నా చేతిల వెట్టు. పెట్టకపోతే తల్లి, పిల్లలు అన్ని సాగర్ రోడ్డుకే" అన్నాడు మీ తాత.

"పెడత."

ఎక్కడి నుంచి తేవాలి? రోజూ వచ్చే కూలి ఇంటిది, దాన్ని తెచ్చి ఇంటికే ఇస్తే తీరినట్టు కాదు. నావి అనుకోదగ్గ రోజులు ఏడాదికి మూడే ఉండేవి. మొదటి ఏరుడు అయిపోయాక మూడు రోజులు కేతేపల్లి దగ్గర మా తల్లిగారింటికి పోయేదాన్ని. మా తమ్ముడూ మరదలూ ఉండేవాళ్లు. ఆ మూడు రోజులు నేను చీపురు కూడా ముట్టేదాన్ని కాదు. మరదలు తలకు నూనె పెట్టేది, మినప గారెలు చేసేది. ఏడాదంతా ఆ మూడు రోజుల కోసం చూసేదాన్ని.

తమ్ముడికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. మా వదిన దగ్గరకు పోయి, పక్క మండలంలో రెండో ఏరుడుకు మనుషులు కావాలంటున్నారు కదా, నేను వస్తానన్నాను.

"తల్లిగారింటికి పోవా?"

"ఈసారి మా ఇల్లే ఒకదానికి తల్లిగారిల్లయింది వదినా. పురుడు పోస్కొని పండుకుంది."

"అట్లనా! మల్ల ఒడిబియ్యం ఎప్పుడు పోస్తవ్? నన్ను గూడ పిలువు, రైక గుడ్డ తెస్త."

ఎగతాళి చేసింది కానీ, ఆటో కిరాయి రైతే పెట్టుకోవాలని ఆ మూడు రోజులకూ మాట్లాడింది ఆమే.

రెండో ఏరుడు అంటే పలచగా ఉంటుంది. మొక్కకు రెండో మూడో కాయలు. ఎంత పరుగెత్తినా నలభై కాదు. మొదటి రోజు ఇరవై ఆరు, రెండో రోజు ఇరవై నాలుగు, మూడో రోజు ఇరవై మూడు. వేళ్ల కొసలు చీలి సద్దిలో ఉప్పు తగిలితే మండేవి.

నేను అంత దూరం పోతే ఇంట్లో బాలింత కుక్కను చూసేదెవరు? మీ తాతే. ఇంట్లో అమ్మాల్సిన పత్తి ఉంది కాబట్టి ఆయన ఎట్లాగూ కదలలేడు. మొదటి రోజు సాయంత్రం నేను రాగానే మొదలుపెట్టాడు.

"ఏందే ఇది, మూడుసార్లు దిన్నది! నాకంటె ఎక్కువ తింటాంది. పొద్దుగాల పెడితే పగటీలికి మల్ల నా మొఖం సూస్తది."

"నాలుగింటికి పాలియ్యాలె గద."

"గుంజుకపోయిన ముసలోన్ని, నాతోని అంబలి కాపిస్తాంది."

మూడో రోజు చెత్త పారబోయడానికి పోతే పొయ్యి వెనక మూడు ఖాళీ పాల ప్యాకెట్లు కనపడ్డాయి. మేము టీ కూడా పాలు లేకుండానే తాగేవాళ్లం.

"ఇంటి పైసలు కుక్క ముట్టొద్దంటివి?" అని అడిగాను.

"కుక్కకెవడు వోసిండు? గది పిల్లలకు."

అదే రోజు పత్తి కొనే బేరగాడు కూడా వచ్చిపోయాడట. ఊళ్లో ఎవరో చెప్పారు కాబోలు, గడపలోనే నిలబడి, "కుక్క పండిన పత్తంట గద, క్వింటాలుకు ఇంత కోత పెడత" అన్నాడట. మీ తాత కుప్పలోంచి దోసెడు పత్తి తీసి అతని ముఖం ముందు పెట్టి, "ఒక్క ఎంటిక సూపియ్యి. నా పెండ్లాం సాప్ జేసిన పత్తి ఇది. ఎంటిక దొరికితే మొత్తం ఊకెనే తీస్కపో" అన్నాడట. అతను వెతికాడు. దొరకలేదు. ఊళ్లో అందరికీ ఇచ్చిన ధరే ఇచ్చి తూకం వేయించుకున్నాడు. ఈ ముక్క మీ తాత నాకు చెప్పలేదు. పక్కింటివాళ్లు చెప్పారు.

మూడు రోజుల కూలి అయిదు వందల ఎనభై నాలుగు. అందులో అయిదు వందల యాభై తీసి మీ తాత చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టాడు. కౌలు పైసల్లో కలిపి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాడు. ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. నేనూ ఇస్తాడని అనుకోలేదు. ఇచ్చి ఉంటే నాకు నచ్చేది కాదు. మాట మాటే. మిగిలిన ముప్పై నాలుగు రూపాయలకు కోడి కాళ్లు తెచ్చాను.

ఇప్పుడు మీ కాగితం సంగతి. బెల్టూ గిన్నే ఒకసారి కొంటే అయిపోతాయి, వాటిని కొట్టేయండి, అవి మీ అమ్మ కొనిస్తుంది. పరుపు అక్కర్లేదు, పాత దుప్పటి చాలు. నెలనెలా అయ్యే తిండి రాశారు, బాగుంది, దాన్ని పన్నెండుతో గుణించి మళ్లీ పదితో గుణించండి, కుక్క పదేళ్లు బతుకుతుంది. ఆడదైతే ఆపరేషన్, అది మొదటి ఏడే రాసుకోండి, నాలాగా తర్వాత చూద్దాం అనుకోకండి. మీది పుణెలో కిరాయి ఇల్లు, రెండో అంతస్తు. ఇంటి ఓనర్ ఒప్పుకుంటాడా? అది తలుపు గీకితే, మీరు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి కోస్తాడు. ఎండాకాలం నా దగ్గరకు వచ్చినప్పుడు దాన్ని ఎవరి దగ్గర పెడతారు, వాళ్లకెంత ఇస్తారు? దానికి జబ్బు చేస్తే వాడడానికి నెలకు కొంచెం వేరే డబ్బాలో వేయండి, ఆ డబ్బా మీ అమ్మ దగ్గర ఉండాలి.

అన్నిటికంటే పెద్ద ఖర్చు రోజులు. దాన్ని సూదికి తీసుకుపోయే రోజు మీ నాయిన డ్యూటీ మానాలి, లేకపోతే మీ అమ్మ మానాలి. మీరు బడికి పోయిన పూట దాన్ని కిందికి దింపేది ఎవరు? వానలో ఎవరు? పరీక్షలప్పుడు ఎవరు? పైసలు ఇంకెక్కడైనా సర్దుకోవచ్చు, ఆ రోజు ఎవరిదో తేలకుండా కుక్కను తేవద్దు. తేలితే మాత్రం భయపడకుండా తెచ్చుకోండి. నేను తెచ్చుకున్నందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

నా కుక్క సంగతి సగంలో ఆగింది కదా. పత్తి అమ్మాం, కౌలు కట్టాం. నెలన్నరకు పిల్లలు కాళ్ల మీద ఉరకడం నేర్చాయి. మగవి రెండింటినీ గొర్రెలవాళ్లు తీసుకుపోయారు. ఒకటి పక్కింట్లో ఉండిపోయింది. చివరికి ఆడపిల్ల ఒకటి మిగిలింది. మా వదిన వచ్చి మాటాపలుకూ లేకుండా దాన్ని కొంగులో వేసుకొని పోతుంటే, "దినానికి ఒక కిలో, మర్చిపోకు!" అని వెనక నుంచి అరిచాను. "పోవే!" అంది, తిరిగి చూడకుండానే.

పత్తి అమ్మేదాకే అన్న గడువు అయిపోయింది. మీ తాత ఏం చెప్తాడో అని నేను రెండు రోజులు చూశాను. మూడో రోజు పొద్దున నేను సద్ది కట్టుకొని ఆటో కోసం బయటికి వస్తుంటే, ఆయన స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకొని, చేతిలో కుక్క తాడు పట్టుకొని నిలబడ్డాడు. నాకు సాగర్ రోడ్డే గుర్తొచ్చింది.

"ఏడికి?" అన్నాను.

"నల్గొండకు. డాక్టరమ్మకు ఫోన్ జేసిన, చిట్టి రాసి పంపుతనన్నది. మల్ల పిల్లలైతే ఏరి పెట్టనీకి నీకు ఎన్ని తల్లిగారిండ్లు ఉన్నయి?"

"నేనొస్త, ఆగు. ఒక్కనివి ఎట్ల తీస్కపోతవ్?"

"నువ్వొస్తె నలభై కిలోలు పోతయి. కూలికి పో."

"మరి నీ పని?"

ఆయన కుక్కను నల్గొండ పోయే ఆటో ఎక్కించాడు. ఆటో అతను కుక్కను చూసి నోరు తెరవబోతే, "దానికి సీటు కిరాయి ఇస్త, నడువు" అన్నాడు. అది సీటు మీద కూర్చుంది. ఆయన దాని పక్కన కూర్చొని తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

నేను సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ అర్రలో ఉన్నారు. కుక్క పొట్టకు కట్టు ఉంది, మత్తులో నాలుక బయట పెట్టి పడుకుంది. ఆయన దాని పక్కనే గోడకు ఆనుకొని కూర్చున్నాడు, చెంబులో ప్లాంటు నీళ్లు పెట్టుకొని, వేలితో దాని నోటికి తడి చేస్తూ.

"కుట్లు నాకకుండ సూడాలన్నది డాక్టరమ్మ. మూడు దినాలు" అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ మూడు రోజులు ఆయన పనికి పోలేదు. నేను పోయాను.